పెద్దమనిషి లేని పంచాయితీ: అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాలు మన జిల్లా మీదుగా

2025 జూన్ మొదటి వారంలో చిత్తూరు జిల్లా యంత్రాంగం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పక్క రాష్ట్రాల తోతాపురి మామిడి జిల్లాలోకి రాకూడదన్నది దాని సారాంశం. ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడి ట్రాక్టర్లు బారులు తీరిన సీజను అది. సరిహద్దులో కర్ణాటక లారీలను ఆపేశారు. కోలారు వైపు రైతులు గగ్గోలు పెట్టారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడికి లేఖ రాశారు. చివరికి కేంద్రం కలగజేసుకుని, ధర తేడాను భర్తీ చేసే పథకం కింద కర్ణాటక రైతులకు సాయం చేయడానికి ఒప్పుకుంది. ఎవరికి ఎంత న్యాయం జరిగిందన్నది వేరే చర్చ. రెండు రాష్ట్రాలు తగవు పడితే వెళ్లడానికి ఒక చోటు ఉంది. ఢిల్లీలో ప్రభుత్వం ఉంది, సుప్రీంకోర్టు ఉంది, ఇద్దరూ తలవంచే రాజ్యాంగం ఉంది.

అదే తగవు రెండు దేశాల మధ్య వస్తే ఎక్కడికి వెళ్లాలి? ఐక్యరాజ్యసమితికి సొంత సైన్యం లేదు. దాని భద్రతా మండలిలో ఐదు దేశాలకు వీటో ఉంది. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దేశాల సమ్మతి లేకుండా వాటి మీద కేసు వినలేదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో అప్పీళ్లు వినే విభాగం ఉండేది. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి అదీ పనిచేయడం లేదు. పెద్దమనిషి లేని పంచాయితీ ఇది. దేశాల మీద అధికారం చెలాయించే ప్రభుత్వం లేని ఈ స్థితినే అంతర్జాతీయ సంబంధాల శాస్త్రం అరాచకం అంటుంది. మరి ఆ స్థితిలో ఎవరు ఎలా నడుచుకుంటారు? ఈ శాస్త్రంలోని సిద్ధాంతాల మధ్య తగాదా అంతా ఈ ప్రశ్న దగ్గరే.

తిరుపతిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలను గమనించండి. వాస్తవికవాదం, ఉదారవాదం, నిర్మాణవాదం అని పట్టిక గీసి, ఒక్కోదాని కింద పేర్లూ సంవత్సరాలూ రాసుకుని బట్టీ పడుతుంటారు. మార్కులు రావచ్చు కానీ పత్రికలో ఒక వార్త చదివినప్పుడు ఆ పట్టిక ఏమాత్రం పనికిరాదు. ప్రతి సిద్ధాంతమూ అన్నిటికంటే ముందు ఒక నిర్ణయం చేసుకుంటుంది: ఎవరిని పాత్రధారిగా లెక్కలోకి తీసుకోవాలి, ఎవరిని పక్కన పెట్టాలి. ఆ నిర్ణయం పట్టుబడితే మిగతాదంతా దాని వెంటే వస్తుంది. దీన్ని చూపించడానికి దూరం పోనక్కరలేదు. శ్రీహరికోట, శేషాచలం, తిరుమల కల్యాణకట్ట చాలు.

ముందు కొద్దిగా చరిత్ర. రాజులూ రాయబారాలూ ఎప్పటి నుంచో ఉన్నా, విశ్వవిద్యాలయంలో ఇదొక ప్రత్యేక శాస్త్రంగా మొదలైంది 1919లో, వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో. మొదటి ప్రపంచ యుద్ధం లక్షల మందిని మింగిన మరుసటి ఏడాది అది. మళ్లీ అలాంటి యుద్ధం రాకుండా ఎలా చూడాలన్న తపనతోనే ఆ పీఠం పుట్టింది. అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ పేరు దానికి పెట్టారు. ఆయన ఆశయం మీద నిలబడిన నానాజాతి సమితి 1920లో పని మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లు గడవకముందే రెండో యుద్ధం వచ్చిపడింది. ఆ పీఠంలోనే ఆచార్యుడిగా ఉన్న ఇ. హెచ్. కార్, ప్రపంచం ఎలా ఉండాలో కలలు కంటూ ఎలా ఉందో చూడటం మానేశామని 1939లో ఘాటుగా విమర్శించాడు. వాస్తవికవాదం ఈ శాస్త్రంలో గట్టిగా వేళ్లూనుకున్నది అక్కడి నుంచే.

వాస్తవికవాదులకు పాత్రధారి ఒక్కరే, రాజ్యం. మిగతావన్నీ ఆ రాజ్యం చేతిలో పనిముట్లు. రాజ్యం కోరేది మొదట బతికి ఉండటం, దానికి కావలసినది బలం. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్స్ సేనలు మెలోస్ అనే చిన్న ద్వీపాన్ని ముట్టడించినప్పుడు, న్యాయం గురించి మాట్లాడిన ద్వీపవాసులకు వచ్చిన జవాబును గ్రీకు చరిత్రకారుడు థ్యుసిడిడీస్ రాసిపెట్టాడు. సమబలుల మధ్యనే న్యాయం మాట, లేకుంటే బలవంతుడు చేయగలిగింది చేస్తాడు, బలహీనుడు భరించాల్సింది భరిస్తాడు అన్నది దాని సారం. 1948లో హాన్స్ మోర్గెంథావ్ ఈ ధోరణికి ఒక శాస్త్ర రూపం ఇచ్చాడు. అధికార కాంక్ష మనిషి స్వభావంలోనే ఉందన్నాడు. 1979లో కెన్నెత్ వాల్ట్జ్ ఆ మాటను పక్కన పెట్టి, తప్పు మనిషిలో లేదు, వ్యవస్థ నిర్మాణంలో ఉందన్నాడు. పైన కాపాడేవారు లేనప్పుడు సాధువు కూడా తలుపు గడియ పెట్టుకోక తప్పదు. పొరుగువాడు ఆ గడియను చూసి అనుమానపడతాడు, తానూ ఇంకో గడియ పెడతాడు. ఒకరి జాగ్రత్త మరొకరికి ముప్పుగా కనిపించే ఈ చిక్కును భద్రతా సందిగ్ధం అంటారు. వాల్ట్జ్ లెక్కలో రాజ్యాలు తమకు సరిపడా భద్రత దొరికితే ఆగుతాయి. జాన్ మియర్‌షైమర్ 2001లో ఆ మాట కాదన్నాడు. ఎంత బలం సరిపోతుందో ఎవరికీ తెలియదు కనుక పెద్ద రాజ్యాలు ఎక్కడా ఆగవు అన్నాడు.

ఇదంతా పడమటి సరుకు అనుకోనక్కరలేదు. కౌటిల్యుడు చెప్పిన మండల సిద్ధాంతంలో పొరుగు రాజు సహజ శత్రువు, పొరుగువాడి పొరుగువాడు సహజ మిత్రుడు. సంధి, విగ్రహం, ఆసనం, యానం, సంశ్రయం, ద్వైధీభావం అంటూ ఆయన వేరు చేసిన ఆరు విధానాల్లో ఏది ఎప్పుడు వాడాలో నిర్ణయించేది ఎదుటివాడితో పోల్చినప్పుడు మన బలం.

నాకు వీటన్నిటికంటే దగ్గరగా అనిపించేవి శ్రీకృష్ణదేవరాయల మాటలు. తిరుమల ఆలయంలో తిరుమలదేవి, చిన్నాదేవి మధ్య చేతులు జోడించి నిలబడిన రాయలను చూడని తెలుగువాడు అరుదు. ఆయన ఆముక్తమాల్యదలో యామునాచార్యుడు కొడుకుకు రాజనీతి బోధిస్తాడు. రేవులను బాగుచేసి గుర్రాలు, ఏనుగులు, రత్నాలు, గంధం, ముత్యాలు వచ్చేలా వర్తకాన్ని పెంచమంటాడు. తుపాను వల్లనో జబ్బు వల్లనో తీరానికి చేరిన పరదేశులను వారి వారి దేశాలకు తగిన రీతిలో ఆదరించమంటాడు. ఇంతవరకూ చదివి, వర్తకం వల్ల స్నేహం పెరుగుతుందని చెబుతున్నాడే, ఈయన ఉదారవాది అనుకుంటాం. ఇంకాస్త ముందుకు వెళితే అసలు సంగతి తెలుస్తుంది. మేలు జాతి గుర్రాలు తెచ్చే దూరదేశపు వర్తకులకు ఊళ్లు ఇవ్వు, నగరంలో మంచి ఇళ్లు ఇవ్వు, రోజూ కొలువులో దర్శనం ఇవ్వు, లాభం తగ్గకుండా చూడు, అలా వారిని నీవారిని చేసుకుంటే ఆ గుర్రాలు శత్రువు చేతికి పోవు. ఆ కాలంలో గుర్రపు దళమే యుద్ధాన్ని తేల్చేది. మేలైన గుర్రాలు అరేబియా, పర్షియాల నుంచి సముద్రం మీద రావాల్సిందే. 1510లో గోవాను పట్టిన పోర్చుగీసువారితో రాయలు స్నేహంగా ఉండటం వెనుక ఈ లెక్క ఉంది. వర్తకుడికి ఇచ్చే ఆ మర్యాద ఎంత నిజమైనదో, దాని వెనుక ఉన్న యుద్ధ వ్యూహమూ అంతే నిజమైనది. ఒకే పద్యపు మాటల్లో రెండు సిద్ధాంతాలు ఒదిగాయి. అమలు చేసే రాజుకు ఏ సిద్ధాంతమూ విడిగా కనిపించదు.

ఇప్పుడు శ్రీహరికోట సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పటి నుంచి అది తిరుపతి జిల్లాలో ఉంది. బరువైన ఉపగ్రహాలను ఎత్తైన కక్ష్యకు చేర్చాలంటే రాకెట్ పై దశలో క్రయోజెనిక్ ఇంజిన్ కావాలి. మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్‌ను, మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్‌ను అదుపులో పెట్టి మండించే ఆ విద్య అప్పట్లో నాలుగైదు దేశాల దగ్గరే ఉంది. అమెరికా, ఫ్రాన్స్ సంస్థలు చెప్పిన ధర కంటే బాగా తక్కువకు, పైగా సాంకేతిక పరిజ్ఞానం కూడా ఇస్తామంటూ సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్ ముందుకు రావడంతో 1991 జనవరిలో ఇస్రో దానితో ఒప్పందం చేసుకుంది. ఆ డిసెంబరుకల్లా సోవియట్ యూనియనే లేకుండా పోయింది. 1992 మేలో అమెరికా ఇస్రో మీద, గ్లావ్‌కాస్మోస్ మీద రెండేళ్ల ఆంక్షలు విధించింది. ఈ పరిజ్ఞానం క్షిపణులకు పనికొస్తుంది, 1987లో ఏర్పడిన క్షిపణి సాంకేతికత నియంత్రణ వ్యవస్థ నియమాలకు ఇది విరుద్ధం అన్నది దాని వాదన. ఇంధనం నింపడానికే గంటలు పట్టే ఇంజిన్‌తో ఎవరూ క్షిపణి చేయరని మన శాస్త్రవేత్తలు ఎంత మొత్తుకున్నా వినిపించుకోలేదు. 1993 జులైలో రష్యా లొంగింది. ఏడు ఇంజిన్లు ఇస్తాం, విద్య మాత్రం ఇవ్వం అంది. ఆ తర్వాత కొద్ది వారాలకే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నిర్మాణంలో అమెరికా, రష్యా చేతులు కలిపాయి.

వాస్తవికవాది దీన్ని చదివి, నేను చెప్పలేదా అంటాడు. మిగిలిన ఏకైక మహాశక్తి తనకు నచ్చని బలం మరొకరికి దక్కకుండా చేసింది, బలహీనపడిన రష్యా తన ప్రయోజనం చూసుకుంది, భారత్ సొంతకాళ్ల మీద నిలబడక తప్పలేదు. వాల్ట్జ్ దీన్ని స్వయంసహాయం అంటాడు. నిజానికి జరిగింది కూడా అదే. 1994లో సొంత క్రయోజెనిక్ దశ ప్రాజెక్టు మొదలైంది. 2010 ఏప్రిల్ 15న ఆ ఇంజిన్‌తో ఎగిరిన తొలి రాకెట్ బంగాళాఖాతంలో పడింది. 2014 జనవరి 5న అదే శ్రీహరికోట నుంచి విజయవంతమైంది. ఇరవై ఏళ్లు పట్టిన ఆ పట్టుదలకు, ఆ ఇంజనీర్లకు చేతులెత్తి మొక్కాలి.

కథ ఇక్కడితో ముగిస్తే వాస్తవికవాదమే నెగ్గుతుంది. ముగియలేదు. ఏ వ్యవస్థ నియమాలు చూపించి మనల్ని అడ్డుకున్నారో, 2016 జూన్‌లో అదే వ్యవస్థలో భారత్ సభ్యురాలైంది. 2017 మే 5న ఇదే తరహా రాకెట్ మీద దక్షిణాసియా ఉపగ్రహం వెళ్లింది. పాకిస్తాన్ వద్దనుకోగా నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, అఫ్గానిస్తాన్‌లకు ఇచ్చిన కానుక అది. బలప్రయోగం లేకుండా ఎదుటివారు మనవైపు మొగ్గేలా చేసుకోవడాన్ని జోసెఫ్ నై 1990లో మృదుశక్తి అన్నాడు. దానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు. ఇక 2025 జులై 30న, నాసా, ఇస్రో కలిసి చేసిన నైసార్ అనే రాడార్ ఉపగ్రహం శ్రీహరికోట నుంచి బయల్దేరింది. దాన్ని మోసుకెళ్లింది స్వదేశీ క్రయోజెనిక్ ఇంజిన్ ఉన్న జీఎస్ఎల్వీ. ముప్పై మూడేళ్ల కిందట ఆ ఇంజిన్ మన చేతికి రాకూడదన్న దేశం, తన విలువైన రాడార్‌ను దాని తల మీదే పెట్టి పంపింది.

ఉదారవాదులకు ఇది ప్రాణం పోసే ఘట్టం. వారి లెక్కలో పాత్రధారులు చాలామంది. రాజ్యంతో పాటు సంస్థలు, కంపెనీలు, ప్రయోగశాలలు, ఓటర్లు కూడా ఉంటారు. అందరూ ఒకరి మీద ఒకరు ఆధారపడి ఉన్నప్పుడు పోట్లాట ఖరీదైపోతుంది. ఒకసారి కాకుండా పదేపదే ఎదురుపడాల్సి వస్తే మోసం కంటే సహకారమే లాభం. ఉమ్మడి సంస్థలూ నియమాలూ ఎదుటివాడు మాట మీద నిలబడుతున్నాడా లేదా అన్న సమాచారం ఇస్తాయి కాబట్టి, పైన పెద్దమనిషి లేకపోయినా సహకారం సాధ్యమే అని రాబర్ట్ కోహేన్ 1984లో వాదించాడు. దీని మూలాలు 1795లో శాశ్వత శాంతి గురించి రాసిన ఇమ్మాన్యుయేల్ కాంట్ దాకా వెళతాయి.

కానీ జులై 30న ఇంకొకటి కూడా జరిగింది. నైసార్ ఎగిరిన ఆ రోజే అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ భారతీయ సరుకుల మీద 25 శాతం సుంకం ప్రకటించాడు. ఆగస్టు 27 నుంచి అది 50 శాతమైంది. రష్యా చమురు కొంటున్నందుకు శిక్షగా రెండో పాతిక శాతం పడింది. మరి ఆ రోజు అమెరికా మనకు మిత్రదేశమా, కాదా? ఈ ప్రశ్న తప్పుడు ప్రశ్న. అమెరికా అనే ఒక మనిషి లేడు. నాసా ఒకటి, అధ్యక్ష భవనం ఒకటి, వాణిజ్య శాఖ మరొకటి. క్యూబా క్షిపణి సంక్షోభం మీద పరిశోధన చేసిన గ్రాహమ్ ఆలిసన్ 1971లోనే ఈ సంగతి చెప్పాడు: విదేశాంగ నిర్ణయం అనేది ఒకే బుద్ధి ఆలోచించి తీసుకున్నది కాదు, శాఖల అలవాట్లూ అధికారుల బేరసారాలూ కలిసి తేల్చినది. ఇన్ని సిద్ధాంతాల్లో విద్యార్థులు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది దీన్నే. నా దృష్టిలో పత్రిక చదివేటప్పుడు ఎక్కువగా పనికొచ్చేదీ ఇదే. ‘చైనా అనుకుంటోంది’, ‘పాకిస్తాన్ కోరుకుంటోంది’ అన్న వాక్యం కనిపించిన ప్రతిచోటా, అక్కడ అనుకుంటున్నది ఎవరు అని అడిగి చూడండి.

ఆ సుంకం దెబ్బ తగిలిన చోటు కూడా మన తీరమే. వాకాడు వైపు ఉప్పునీటి చెరువుల్లో పెంచే రొయ్యకు అమెరికాయే ముఖ్యమైన మార్కెట్. ఒకరి మీద ఒకరం ఆధారపడ్డాం అన్నప్పుడు ఇద్దరూ సమానంగా ఆధారపడ్డారా అన్నది అడగాలి. కోహేన్, నై 1977లోనే ఇందులో రెండు విడదీశారు. దెబ్బ తగలడం ఒకటి, దెబ్బ తగిలాక తప్పించుకునే దారి లేకపోవడం మరొకటి. అమెరికా వినియోగదారుడికి రొయ్య ధర పెరుగుతుంది, ఈక్వెడార్ రొయ్య కొనుక్కుంటాడు. చెరువులో మేత వేసి, అప్పు తెచ్చి, పంటకు వచ్చిన రొయ్యను పెట్టుకున్న రైతు వారం రోజుల్లో ఇంకో దేశాన్ని వెతుక్కోలేడు. ఆధారపడటంలోని ఈ ఎగుడుదిగుళ్లనే పెద్ద దేశాలు ఆయుధంగా మలుచుకుంటున్నాయని హెన్రీ ఫారెల్, అబ్రహామ్ న్యూమన్ 2019లో చూపించారు. శ్రీసిటీలో జపాన్, తైవాన్ కంపెనీల ఫ్యాక్టరీలు వరుసగా ఉన్నాయంటే అది సహకారానికి సాక్ష్యమే. అయితే ఆ గొలుసులో ఎవరు కొస పట్టుకున్నారో కూడా చూడాలి.

ఇక నిర్మాణవాదం. క్రయోజెనిక్ ఇంజిన్ 1992లోనూ 2025లోనూ ఒకే రకం యంత్రం. అదే హైడ్రోజన్, అదే ఆక్సిజన్. మరి అప్పుడు ముప్పుగా కనిపించింది ఇప్పుడు భాగస్వామ్యంగా ఎందుకు కనిపించింది? బలాబలాలు మారాయి, చైనా ఎదిగింది కాబట్టి అమెరికాకు మన అవసరం పెరిగింది అని వాస్తవికవాది అంటాడు. అందులో చాలా నిజం ఉంది. నిర్మాణవాది అలెగ్జాండర్ వెంట్ మాత్రం ఇంకో పొర చూడమంటాడు. ఉత్తర కొరియా దగ్గర ఐదు అణ్వాయుధాలుంటే అవి అమెరికాను భయపెట్టినంతగా బ్రిటన్ దగ్గర ఐదువందలున్నా భయపెట్టవు అన్నది ఆయన ఉదాహరణ. ఆయుధాల లెక్క ఈ తేడాను చెప్పలేదు. ఎదుటివాడు మనకు ఏమవుతాడు అన్న భావన చెబుతుంది. ఆ భావన పుట్టుకతో వచ్చేది కాదు, ఏళ్ల తరబడి మాటలతో, చేతలతో ఇద్దరూ కలిసి కట్టుకునేది. అరాచకానికి తనంతట తాను ఏ స్వభావమూ లేదు, రాజ్యాలు దాన్ని ఎలా మలుచుకుంటే అలా ఉంటుంది అని వెంట్ 1992లో రాశాడు. ఇస్రో మీద ఆంక్షలు పడింది కూడా ఆ ఏడాదే.

ఈ సిద్ధాంతానికి ఉన్న లోటు ఏమిటంటే, జరిగిన మార్పును బాగా వివరిస్తుంది కానీ జరగబోయేదాన్ని చెప్పడంలో తడబడుతుంది. అయినా మన ప్రాంతం నుంచి చూస్తే దీని పట్టు ఎంతటిదో ఒక్క సంఘటన చాలు. తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాలు వేలం ద్వారా వర్తకులకు చేరి, విదేశాల్లో విగ్గులవుతాయి. పెళ్లయిన సనాతన యూదు స్త్రీలు జుట్టు కప్పుకోవడానికి పెట్టుకునే విగ్గుల్లో ఈ జుట్టు కూడా ఉండేది. 2004 మేలో ఇజ్రాయెల్‌లోని ప్రముఖ మతగురువు యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్ ఈ జుట్టు విగ్రహారాధనతో ముడిపడినది కాబట్టి వాడకూడదని తీర్పు చెప్పాడు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వీధుల్లో విగ్గులను కుప్పపోసి తగలబెట్టారు. ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు, ఏ సైన్యమూ కదల్లేదు, ఏ కంపెనీ ధర మార్చలేదు. ఒక వృద్ధ గురువు ఒక క్రియకు అర్థం చెప్పాడు, సముద్రాల అవతల బేరం పడిపోయింది. ఇక్కడ భక్తి, అక్కడా భక్తే. మధ్యలో ఆ జుట్టు అర్థం మారిపోయింది. రాజ్యాన్ని మాత్రమే పాత్రధారిగా లెక్కించే వాదానికి ఈ సంఘటన అసలు కనిపించనే కనిపించదు.

రాజ్యేతర శక్తులు ఈ కాలపు వింత కూడా కాదు. 1639లో, చంద్రగిరి, వేలూరు కేంద్రాలుగా పాలిస్తున్న అరవీటి రాజుల కింది నాయకుడైన దామెర్ల వెంకటాద్రి, సముద్రపు ఒడ్డున కాస్త నేలను ఫ్రాన్సిస్ డే అనే వర్తకుడికి కోట కట్టుకోవడానికి ఇచ్చాడు. ఆ వర్తకుడి యజమాని ఇంగ్లండ్ ప్రభుత్వం కాదు, ఈస్టిండియా కంపెనీ అనే వాటాదారుల సంస్థ. అక్కడ లేచినదే చెన్నపట్నం. చంద్రగిరి కోట గోడల కింద నిలబడి ఆలోచిస్తే, రాజ్యం కాని పాత్రధారి రాజ్యాలనే మింగిన చరిత్ర మన కళ్ల ముందే ఉంది.

ఇప్పటిదాకా చెప్పిన వాదాలన్నిటికీ ఉమ్మడిగా ఒక గుడ్డితనం ఉంది. దాన్ని ఎత్తి చూపినవి విమర్శనాత్మక సిద్ధాంతాలు. ముడిసరుకు అమ్మే దేశాలు, తయారైన సరుకు అమ్మే దేశాల ముందు కాలం గడిచేకొద్దీ వెనకబడతాయని అర్జెంటీనా ఆర్థికవేత్త రౌల్ ప్రెబిష్ 1950 ప్రాంతంలో వాదించాడు. ప్రపంచాన్ని కేంద్రం, అంచు, వాటి నడుమ ఉండే దేశాలు అని ఇమ్మాన్యుయేల్ వాలర్‌స్టీన్ 1974లో విడదీశాడు. నార్వేకు చెందిన యోహాన్ గాల్టుంగ్ 1971లో ఇంకా సూక్ష్మమైన మాట చెప్పాడు: అంచు దేశంలో కూడా ఒక కేంద్రం, ఒక అంచు ఉంటాయి. అంచులోని కేంద్రం, దూరంగా ఉన్న అసలు కేంద్రంతో చేయి కలుపుతుంది. అంచులోని అంచు ఇద్దరి భారమూ మోస్తుంది.

ఎర్రచందనం దగ్గర నిలబడి ఈ మాటలు చదవండి. ఈ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ముఖ్యంగా శేషాచలం, వెలికొండ, పాలకొండ, నల్లమల అడవుల్లో. చైనాలో సంపన్నుల ఇళ్లలో ఫర్నిచర్ కోసం, జపాన్‌లో షామిసెన్ అనే తీగ వాయిద్యం కోసం దీనికి గిరాకీ. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 1995లో దీన్ని రెండో అనుబంధంలో, అంటే అనుమతులతోనే వ్యాపారం సాగాల్సిన జాతుల జాబితాలో, చేర్చింది. భారత్‌లో ఈ చెట్టు వ్యాపారాన్ని ఏళ్లుగా ప్రత్యేక సమీక్ష కింద ఉంచిన ఆ సంస్థ, 2023 నవంబరులో ఆ సమీక్ష నుంచి మన దేశాన్ని తప్పించింది. పట్టా భూముల్లో ఎర్రచందనం పెంచుకుని, కోసి అమ్ముకోలేక ఎదురుచూస్తున్న రైతులకు అది ఊరట. ఉదారవాదులు సంతోషించదగిన సంగతి ఇది. పైన ప్రభుత్వం లేకపోయినా దేశాలు కలిసి ఒక చెట్టుకు రక్షణ కల్పించాయి, నియమాలు పాటించిన దేశానికి సడలింపు ఇచ్చాయి.

2015 ఏప్రిల్ 7న, చంద్రగిరి మండలంలో శ్రీవారి మెట్టుకు దగ్గరలోని అడవిలో పోలీసు కాల్పుల్లో ఇరవై మంది కూలీలు చనిపోయారు. అందరూ తమిళనాడువారు. వారిలో చాలామంది జవ్వాది కొండల వైపు పల్లెల నుంచి, ధర్మపురి, సేలం జిల్లాల నుంచి వచ్చినవారు. ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు అన్నారు. పట్టుకుని చంపారని హక్కుల సంఘాలు అన్నాయి. జాతీయ మానవ హక్కుల సంఘం దాకా విషయం వెళ్లింది. వారి చేతుల్లో గొడ్డళ్లు ఉన్నా ఆ దుంగల బేరం వారిది కాదు. చైనాలో పలికే ధరలో వారికి దక్కేది రోజు కూలి. మేస్త్రీకి ఒక వాటా, సరుకు దాటించేవాడికి ఒక వాటా, రేవు దగ్గర మరో వాటా. గొలుసు అటు చివర ఉన్న కొనుగోలుదారుడి మీద ఏ తుపాకీ ఎక్కుపెట్టలేదు. అంతర్జాతీయ ఒప్పందం చెట్టును పాత్రగా గుర్తించింది, దేశాన్ని గుర్తించింది, వ్యాపారాన్ని గుర్తించింది. గొడ్డలి పట్టిన మనిషి దాని లెక్కల్లో లేడు. వాలర్‌స్టీన్ పటంలో కూడా ఈ గొలుసు సరిగ్గా ఇమడదు, ఎందుకంటే దాని కేంద్రం పడమటి దేశం కాదు. గాల్టుంగ్ మాటే ఇక్కడ అతుకుతుంది. అంచులో అంచు తమిళనాడు కొండల మీద ఉంది, మన అడవిలో నెత్తురోడింది.

స్త్రీవాదులు ఇదే పద్ధతిలో ఇంకొక్క ప్రశ్న వేస్తారు. సింథియా ఎన్లో 1989లో అడిగింది చాలా సూటిగా: ఈ ప్రపంచ రాజకీయాల్లో ఆడవాళ్లు ఎక్కడ? సైనిక స్థావరాల చుట్టూ, అరటితోటల్లో, రాయబారుల ఇళ్లలో, పరాయి దేశంలో ఇంటిపని చేసేవారి గదుల్లో ఆమె వెతికింది. వారి చవక శ్రమ లేకుండా ఈ వ్యవస్థ ఒక్కరోజు కూడా నడవదని చూపించింది. ఒక ఏడాది ముందే, 1988లో, మోర్గెంథావ్ చెప్పిన ఆరు సూత్రాలను జె. ఆన్ టిక్నర్ తిరగరాసి, ‘మనిషి స్వభావం’ పేరుతో ఆయన వర్ణించింది మగవాడి స్వభావాన్నే అని నిలదీసింది.

పీలేరు, రాయచోటి, రాజంపేట వైపు ఊళ్లలో ఈ ప్రశ్న పుస్తకాల ప్రశ్న కాదు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన తల్లి పంపే డబ్బుతో చదువుకున్న పిల్లలు అక్కడ ఎందరో ఉన్నారు. ఆమెకూ కువైట్ ప్రభుత్వానికీ మధ్య కఫాలా అనే పద్ధతి ఉంది. యజమాని అనుమతి లేనిదే ఆమె ఉద్యోగం మారలేదు. ఆమెకూ భారత ప్రభుత్వానికీ మధ్య 1983 నాటి వలస చట్టం ఉంది. వలస వెళ్లడానికి ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలన్న గుర్తు (ఈసీఆర్) ఉన్న పాస్‌పోర్టుతో వెళ్లే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండకుండా ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే అనుమతి ఇవ్వరు. రక్షణ కోసం పెట్టిన ఆ నియమమే కొందరిని విజిటింగ్ వీసాతో దొంగదారి పట్టిస్తుంది. ఇంటిపనివారి హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ నంబరు ఒప్పందం చేసింది. ఆ రోజు భారత్ దానికి అనుకూలంగా ఓటు వేసింది. ఇప్పటికీ ధ్రువీకరించలేదు. గల్ఫ్ రాజ్యాలూ ధ్రువీకరించలేదు.

ఎందుకు ధ్రువీకరించలేదో ఒక్కో సిద్ధాంతం చేత చెప్పించి చూడండి. చమురు, డబ్బు ఉన్న దేశాన్ని కార్మికులను పంపే దేశం ఒత్తిడి చేయలేదని వాస్తవికవాది అంటాడు. ధ్రువీకరించిన దేశాలకు లాభం, ధ్రువీకరించని దేశాలకు నష్టం కలిగేలా ఆ ఒప్పందానికి కోరలు లేవని ఉదారవాది అంటాడు. ఇంటిపనిని పనిగానే చూడని మన మనసులు మారలేదని నిర్మాణవాది అంటాడు. ఇంటిపనివారికి సమగ్రమైన జాతీయ చట్టం మన దేశంలోనే లేదు, ఇక కువైట్‌ను ఏమని అడుగుతామని స్త్రీవాది అంటుంది. నాలుగూ నిజమే. కానీ మొదటి మూడు సమాధానాలు ఆమె గురించి మాట్లాడతాయి. నాలుగోది ఆమె వైపు నిలబడి, ఆమె పనిచేసే వంటగది నుంచి లెక్క మొదలుపెడుతుంది. చదువు మొదలుపెట్టే విద్యార్థి అడిగితే నేను వాల్ట్జ్‌నూ కోహేన్‌నూ శ్రద్ధగా చదవమంటాను, పరీక్ష కోసం కాకుండా రాజ్యాలు ఎలా ఆలోచిస్తాయో తెలియడం కోసం. ఆ తర్వాత కువైట్ నుంచి తిరిగివచ్చిన ఒక స్త్రీ దగ్గర కూర్చుని, ఆమె పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉండేదో అడగమంటాను.